మొఖం కనపడని ఆట

నేను అప్పట్లో చేసిన ఉద్యోగం గురించి చెబితే మా బంధువులు ఇప్పటికీ సరిగా నమ్మరు. మాదాపూర్‌లో ఫోన్ మీద ఆడే పేకాటలు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. ఆడేవాళ్లకు ఫోన్ చేసి, ఒప్పుకుంటే వెళ్లి కలిసి, మీరెందుకు ఆడుతున్నారని అడగడం నా పని. వాళ్లు చెప్పింది రాసుకొచ్చి, పైవాళ్లు ఓపికగా చదవగలిగినంత చిన్నది చేసి ఇవ్వాలి. మూడేళ్లు అదే చేశాను.

చేరేనాటికి నాకు పేక ముక్కల పేర్లు కూడా సరిగా తెలియవు. తణుకులో మా ఇళ్లల్లో పెళ్లిళ్లప్పుడు మగవాళ్లు మేడ మీద ఆడుకునేవారు. ఆడపిల్లలం కాఫీ గ్లాసులు అందించి కిందికి దిగిపోవాలి. పోకర్ నేర్చుకున్నది ఆఫీసులోనే, మొదటి వారం శిక్షణలో. కష్టమైన ఆటేమీ కాదు. ఒక్కొక్కరికి రెండు ముక్కలు ఇస్తారు. అవి ఎవరివి వాళ్లకే కనిపిస్తాయి. తర్వాత బల్ల మీద అందరికీ కనిపించేలా అయిదు ముక్కలు పరుస్తారు. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి ఎవరికి మంచి జట్టు కుదిరితే వాళ్లు గెలిచినట్టు. అయితే చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు ధీమాగా పందెం పెంచవచ్చు. ఎదుటివాళ్లు జంకి ముక్కలు పడేస్తే, మనవి చూపించే పని లేకుండానే గెలిచేస్తాం. దాన్ని బ్లఫ్ అంటారు. నాకు అది ఎప్పుడూ బాగా రాలేదు.

మా పై అధికారి నాకన్నా నాలుగేళ్లు చిన్నవాడు. మర్యాదస్తుడు, ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాడు. "ఎందుకని ఒక్కసారి అడిగి ఊరుకోకండి. అయిదుసార్లు అడగండి. మొదటి నాలుగు జవాబులూ మిమ్మల్ని పంపించేయడానికి చెప్పేవే" అనేవాడు.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడటానికి చట్టం ఒప్పుకోదు. అందుకని ఇక్కడివాళ్లకు మా యాప్‌లో డబ్బుకు బదులు ఉత్త చిప్పులు, అంటే విలువలేని బిళ్లలు, పెట్టి ఆడే బల్లలే తెరుచుకునేవి. గెలిస్తే వచ్చేదీ లేదు, ఓడితే పోయేదీ లేదు. చిప్పులు అయిపోతే మర్నాడు మళ్లీ ఇస్తారు. అయినా రోజూ గంటలకొద్దీ ఆడేవాళ్లు ఉన్నారు. అధికారికి కుతూహలమంతా వాళ్ల మీదే. "డబ్బు కోసం ఆడేవాణ్ని అడిగేదేముంది? ఏమీ రాని చోట రెండు గంటలు కూర్చునేవాడికి ఏం కావాలో అది కనుక్కోండి" అన్నాడు. కనుక్కుని ఏం చేస్తారో నేను అడగలేదు.

అలా ఆడేవాళ్ల జాబితాలో ముందు కలిసింది ఒక క్యాబ్ డ్రైవరును. రాయదుర్గం దగ్గర కిరాయి కోసం ఆగినప్పుడల్లా ఆడేవాడు. "రోడ్డు మీద లేటైతే ఎందుకు లేటైందో నాకు తెల్వది మేడం. ఎవడో ఎక్కడో ఆపుతడు. ఇందుల ఓడితే ఎందుకు ఓడిన్నో తెలుస్తది" అన్నాడు. తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ టెస్టరు. ఆఫీసులో తను అడిగినదానికి జవాబు రావడానికి మూడు నెలలు పడుతుందట, ఇక్కడ అర నిమిషంలో తేలిపోతుందట. రెండూ రాసుకున్నాను.

మూడో నంబరు నార్సింగిది. యాప్‌లో మగ పేరు ఉంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి బల్ల దగ్గరికి రావడం, నాలుగింటికి వెళ్లిపోవడం. ఆదివారాలు రావడం లేదు. ఫోన్ చేస్తే ఆడగొంతు పలికింది.

"లోన్ గురించైతే మాకొద్దమ్మా."

"లోన్ కాదండి. మీరు ఫోన్‌లో పేకాట ఆడుతుంటారు కదా, దాని గురించి..."

లైన్ కట్ చేసింది. పది నిమిషాలకు ఆమే మళ్లీ చేసింది. గొంతు బాగా తగ్గించి, "నేనాడుతున్నట్టు నీకెట్ల తెలిసింది? పోలీసోళ్లా?" అంది.

కాదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. బయట ఎక్కడైనా కాఫీ తాగుతూ మాట్లాడుకుందామంటే నవ్వింది. "కాఫీ తాగనీకి నేను ఒక్కదాన్ని ఎన్నడు పోయిన్నని! ఇక్కడికే రా. కానీ ఇంట్లకు కాదు. కింద ఆగి ఫోన్ చెయ్యి."

వాళ్లది నాలుగంతస్తుల ఇల్లు. కింద పార్కింగు. మొదటి అంతస్తులో ఆమె, భర్త, కొడుకు, కోడలు ఉంటారు. రెండో అంతస్తులో మరిది కుటుంబం. పై రెండూ కిరాయికి ఇచ్చారు. పార్కింగు చివర గోడ వారగా కవరు కప్పిన పాత కారు ఒకటి ఉంది. కొడుకు కొత్తది కొన్నాక దాన్ని ఎవరూ బయటికి తీయడం లేదు. ఆమె కవరు ఒక పక్కకి ఎత్తి వెనక తలుపు తీసింది. "కూసో బిడ్డా."

యాభై ఆరేళ్ల మనిషి. వెడల్పు ముఖం, పెద్ద కళ్లు. వెనక సీటు మీద ఒక దిండు, నీళ్ల సీసా, చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను ఉన్నాయి. ఆమెకు కారు నడపడం రాదు. తాళం మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది.

"మధ్యాహ్నం పూట ఎక్కడికి వెళ్తున్నారని ఇంట్లో అడగరా?" అన్నాను.

"అడిగితే చెప్పేస్త. ఇంకా ఎవ్వరడగలె."

పోకర్ నేర్పింది పైన కిరాయికి ఉన్న ఒక అమ్మాయట. కరోనా రోజుల్లో ఇద్దరికీ ఏమీ తోచక మొదలుపెట్టారు. ఆ అమ్మాయి ఇల్లు మారిపోయింది, ఆట ఉండిపోయింది. యాప్‌లో మగ పేరు కూడా ఆ అమ్మాయి పెట్టిందే.

ఎందుకు ఆడతారని అడిగాను. టైంపాస్ అంది. టైంపాస్‌కి టీవీ ఉంది కదండీ అన్నాను.

"టీవీల నేనేం దాస్త?"

నాకు అర్థం కాలేదు. ఆమె కాసేపు ఫ్యాను వేసుకుని, ఆపేసి, అప్పుడు చెప్పింది.

పద్దెనిమిదేళ్ల కిందటి మాట. వాళ్ల పొలంలో రోడ్డు పక్క ముక్కను భర్త, మరిది కలిసి అమ్మకానికి పెట్టారు. ఎంతకైతే ఇవ్వాలో అన్నదమ్ములిద్దరూ అనుకుని, బయటికి పొక్కకూడదని ఇంట్లో అందరికీ చెప్పారు. బ్రోకరు వచ్చాడు. మగవాళ్లు ఇంకా రాలేదు. ఆమె మంచినీళ్లిచ్చింది. అతను నీళ్లు తాగుతూ, "ఇంతకైతే ఇస్తరంట గద వదినా" అని ఒక ధర అన్నాడు. సరిగ్గా వాళ్లు అనుకున్న ధరే.

"నేనొక్క మాటన్లె బిడ్డా. ఊకె సూసిన. గంతే."

అతను ఆ ధర దగ్గరే పట్టుపట్టి కూర్చున్నాడు. దానికే ఇచ్చేశారు. తర్వాత నాలుగు నెలలకే పక్క పొలాలు ఎంతో ఎక్కువకు పోయాయి. అప్పటినుంచి ఇంట్లో ఆమె ముఖం ఒక సామెతలా అయిపోయింది. దాని ముందర చెప్పకండి, దాని మొఖంలో అన్నీ కనబడతాయి అనేవారు. కొడుకు సంబంధం మాట్లాడటానికి వచ్చినప్పుడు ఆమెను వంటింట్లోనే ఉండమన్నారు. అత్తగారికి వచ్చిన జబ్బు ఏమిటో అందరికన్నా చివర ఆమెకు చెప్పారు. ఎవరూ కోపంగా అనలేదు. నవ్వుతూనే అనేవారట.

"ఫోన్ల నా మొఖం ఎవ్వరికి కనపడది. నా పత్తాలు నాకే తెలుస్తయి. నా తాన ఏం లేకున్నా ఉన్నట్టు ఆడితే అవుతలోడు ఉరుకుతడు. గప్పుడు..." అని ఆగింది. "గప్పుడు మంచిగనిపిస్తది."

నేను రాసుకుని పుస్తకం మూసేశాను. అయిదుసార్లు అడగాల్సిన అవసరం రాలేదు. లేవబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఫోన్ల ఆడితే ఏమున్నది? ఎదురుంగ మనిషి కూసుంటే ఆడొస్తదా నాకు? నువ్వొచ్చి ఆడతవా?"

ఎందుకని అడిగాను. ఆమెకు శంకర్‌పల్లి వైపు మూడు వందల గజాల జాగా ఉంది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది, ఆమె పేరునే ఉంది. చుట్టుపక్కలవి కలుపుకుని అపార్టుమెంట్లు కడతానని ఒక బిల్డరు తిరుగుతున్నాడు. ఇంట్లో అందరికీ ఇచ్చేయాలని ఉంది. వచ్చే నెల మాట్లాడటానికి వస్తారు.

"మీకు ఇవ్వడం ఇష్టం లేదా?"

"ఇయ్యాల్నా వద్దా నాకే ఇంక సమజ్ కాలె. నాకు సమజయ్యేదాంక ఇంకెవ్వరికి కావద్దు."

ఒకసారి మాట్లాడినవాళ్లను మళ్లీ కలవకూడదని కంపెనీలో నియమం. నేను సరేనన్నాను. మాదాపూర్‌లో ఒక్కదాన్నే ఉండేదాన్ని, శనివారాలు ఖాళీ. అంతకు మించి కారణం వెతకను.

ఆఫీసుకు నేను ఇచ్చిన కాగితంలో "తనను ఎవరూ చదవలేని చోటు కోసం ఆడుతుంది" అని రాశాను. అధికారికి ఆ వాక్యం బాగా నచ్చింది. పెద్ద అక్షరాల్లో వేయించి పైవాళ్లకు చూపించాడు.

శనివారం మధ్యాహ్నాలు కారు వెనక సీట్లో చెరో వైపు కూర్చుని, మధ్యలో స్టీలు పళ్లెం పెట్టుకుని ఆడేవాళ్లం. చిప్పులకు బదులు పుట్నాలు. ఆట మధ్యలో ఆమె వాటిని తినేస్తుండేది. ఇంట్లోవాళ్లు అన్నమాట నిజమేనని మొదటి రోజే తెలిసింది. మంచి ముక్కలు వస్తే కనుబొమలు పైకి లేచేవి. ఏమీ రాకపోతే కిటికీ వైపు చూసేది. నేను చెప్పాను. కనుబొమలు ఆపుకుంటే చెయ్యి పుస్తెల మీదకి పోయేది. చెయ్యి ఆపుకుంటే మాట ఎక్కువయ్యేది. ఒకరోజు ముక్కలు విసిరేసి, "నాతోని గాదు" అంది.

"దాచాలని చూడకండి. వేరే ఏదైనా ఆలోచించండి" అన్నాను. అది నాకు తెలిసి చెప్పింది కాదు, ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను.

ఆమె దాన్ని పట్టుకుంది. ముక్కలు తీసి చూసేముందే రాత్రికి ఏం కూర చేయాలో ఆలోచించడం మొదలుపెట్టేది. బీరకాయనా, సోరకాయనా, పొద్దటి పప్పు ఉందా. చూశాక కూడా అదే ఆలోచన. అయిదో శనివారానికి నాకు ఆమె ముఖంలో ఏమీ దొరకలేదు. రాణుల జత ఉండి కూడా నేను జంకి పడేశాను; చేతిలో ఏమీ లేకుండానే ఆమె అలా రెండుసార్లు గెలిచింది.

బిల్డరు మనిషి వచ్చిన రోజు నేను లేను. ఆమె తర్వాత చెప్పింది. కాగితాలన్నీ తెచ్చి పరిచాడట. ఎన్ని ఫ్లాట్లు, ఎన్నేళ్లలో, అన్నీ చెప్పాడట. చివరికి ఆమె వైపు తిరిగి, "ఏమంటరు పెద్దమ్మా?" అన్నాడు.

"సూద్దం" అని ఆమె చాయ్ తాగింది.

భర్త ఆమె ముఖంలోకి చూశాడు. కొడుకు చూశాడు. మరిది చూశాడు. బిల్డరు మనిషి కాసేపు ఆగి, ఇంకొంచెం పెంచి చెప్పాడు. ఆమె మళ్లీ "సూద్దం" అంది. అతను వెళ్లాక అందరూ చుట్టూ చేరి ఏమనుకుంటున్నావని అడిగారు. ఆమె గ్లాసులు కడగడానికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే భర్త ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు. బీపీ చూశారు, షుగరు చూశారు, గుండెకు తీగలు పెట్టి చూశారు. ఇబ్బంది ఏమిటని అడిగిన డాక్టరమ్మతో, "మనిషి మునుపటి లెక్క లేదమ్మా. ఏం సమజైతలేదు" అన్నాడట. అన్నీ బాగానే ఉన్నాయని పంపించేశారు. ఇది చెబుతూ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "దాసుకుంటే దవాఖానకు తోల్కపోతరని నాకేమెరుక!"

కానీ ఆమె భర్తకు పరేషాన్ తీరలేదు. ఆ శనివారం మేం ఆడుతుండగా కవరు పైకి లేచింది. తెల్లచొక్కా, మెడలో వేలాడే కళ్లద్దాలు. వంగి లోపలికి చూశాడు.

"ఏందే ఇది?"

"పత్తాలు."

"ఈ పిల్లెవరు?"

"పత్తాల కంపెనీ పిల్ల."

నేను నమస్కారం పెట్టాను. ఆయన మా ఇద్దరినీ, పళ్లేన్నీ, పుట్నాలనూ చూసి, ముందు తలుపు తీసి డ్రైవరు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "నాకూ ఎయ్యి" అన్నాడు.

ఆయనకు మూడు ముక్కలాట బాగా వచ్చు. పోకర్ రాదు. ఆమె నాలుగు మాటల్లో చెప్పేసింది. మా ఆఫీసులో వారం రోజులు చెప్పినదానికన్నా స్పష్టంగా ఉంది. రెండు ఆటలు ఆడాం. మూడోదాంట్లో పళ్లెంలో ఆఠీను రాజు, తొమ్మిది, నాలుగు పడ్డాయి. ఆమె గుప్పెడు పుట్నాలు పెట్టింది. నేను మానేశాను. ఆయన పెట్టాడు. ఇంకో రెండు ముక్కలు పడ్డాయి. ఆమె తన దగ్గర ఉన్నవన్నీ పళ్లెంలోకి తోసేసింది.

ఆయన అర నిమిషం పాటు ఆమె ముఖంలోకే చూశాడు. ఆమె కూడా ఆయన్నే చూస్తోంది. చివరికి ఆయన ముక్కలు వెల్లకిలా పడేశాడు. ఒకటి రాజు, పళ్లెంలోని రాజుకు జత. ఆమె తనవి తిప్పింది. రెండు, ఏడు. ఏమీ లేవు.

"నీ మొఖంల ఏం కనపడలె" అన్నాడాయన.

"గా బ్రోకరొచ్చిననాడు కనపడ్డది గద."

ఆమె మామూలుగానే అంది. ఇన్నేళ్లుగా ఇంట్లో అనుకునే మాటే. ఆయన నవ్వలేదు. స్టీరింగు వైపు తిరిగి కూర్చున్నాడు. మాకు ఆయన మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది.

"గది నీ మొఖం జూసి గాదు" అన్నాడు. "వాడు ఇంటికి రాకముందే ధర వానికి ఎరుకే. ముందటి రోజు కల్లు కాడ నేనే చెప్పిన. తాగున్న. తెల్లారి తమ్ముడు అడిగిండు, ఎట్ల తెలిసిందని. నీ పేరు జెప్పిన. ఎనుకనుంచి గదే నడిచింది."

నేను ఆయన ఎత్తిపెట్టిన కవరు సందులోంచి బయటికి చూశాను. పైన కిరాయికి ఉండే ఒకతను స్కూటరు తుడుచుకుంటున్నాడు. తల తిప్పి ఆమెను చూశాను. ముఖంలో ఏమీ లేదు. అది నేర్చుకున్న దాపరికమో, నిజంగానే ఏమీ లేదో చెప్పలేను.

ఆమె ముక్కలన్నీ పోగుచేసి ముందు సీటు మీదుగా ఆయనకు అందించింది. "కలుపు" అంది. ఆయన కలిపాడు. ఇంకో రెండు ఆటలు ఆడాం. నేను బయల్దేరి వచ్చేశాను.

బుధవారం ఫోన్ చేసింది. "ఆయనతోని మాట్లాడుతలేను. అన్నం పెడుతున్న, మాట్లాడుతలేను. తమ్మునికి నిజం చెప్పేదాంక మాట్లాడనన్న."

"మరి జాగా సంగతి?"

"ఇయ్యనని చెప్పిన. అందరి ముంగటనే. ఇయ్య బుద్ధైతలేదు అన్న. ఇగ మొఖంల ఏమున్నదో అంతా సూడనిచ్చిన."

కొడుకు నెల రోజులు ముభావంగా ఉన్నాడు. మరిది వచ్చి నచ్చజెప్పాలని చూశాడు. భర్త మాత్రం, "దాని జాగ, దాని ఇష్టం" అన్నాడట. బిల్డరు పక్కవాళ్లతో మాట్లాడుకుని ఆమె జాగాను వదిలేసి గోడ కట్టుకున్నాడు. మూడు వారాలకు ఒక ఆదివారం అందరూ భోంచేస్తుండగా ఆయన తమ్ముడికి కల్లు దగ్గర జరిగింది చెప్పాడు. మరిది అన్నం కలుపుకుంటూనే, "నాకెరుకే అన్నా. గప్పుడే బ్రోకర్ చెప్పిండు" అన్నాడట. ఇద్దరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లు ఇద్దరూ ఆమె ముఖం గురించి నవ్వారు. ఇది నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత మరిదితో కూడా కొన్నాళ్లు మాట్లాడలేదని మాత్రం ఒకసారి ఫోన్ ఎత్తిన కోడలి ద్వారా తెలిసింది.

నేను రాసిచ్చిన కాగితం తప్పని అప్పటికి నాకు అర్థమైంది. తనది కాని తప్పును దిద్దుకోవడానికి ఆమె రోజూ రెండు గంటలు ఆడింది. అధికారికి చెప్పాను. నిలబడే విన్నాడు. "కానీ ఆడింది కదా" అన్నాడు. ఆ కాగితం అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్లకు దేశమంతటా డబ్బు పెట్టి ఆడే యాప్‌లను ఆపేస్తూ చట్టం వచ్చింది. మా ఆఫీసు నెలలో ఖాళీ అయింది. ఉత్త చిప్పుల బల్లలు ఇంకొన్ని వారాలు నడిచి అవీ ఆగిపోయాయి. నేను ఇప్పుడు కొండాపూర్‌లో ఇంకో కంపెనీలో ఉన్నాను. డాక్టరు దగ్గర టైము తీసుకుని వెళ్లనివాళ్లకు ఫోన్ చేసి, ఎందుకు వెళ్లలేదని అడుగుతాను.

యాప్ పోయిందని చెబుదామని ఒక శనివారం నార్సింగి వెళ్లాను. ఆమెకు ముందే తెలుసు. పాత కారును కొడుకు అమ్మేశాడు. పార్కింగులో కారు ఉన్న చోట చాప వేసి ఉంది. పైన కిరాయికి ఉండే అమ్మాయిలు ఇద్దరు, ఆమె, ఆమె భర్త గుండ్రంగా కూర్చుని ఉన్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు.

"ఇప్పుడెందుకు ఆడుతున్నారు?" అన్నాను. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

ఆమె నిజంగానే ఆలోచించింది. "ఊకెనే" అంది. "ముందుగాల ఏదో దాసుడు నేర్సుకోవాలని ఆడిన. ఇప్పుడు గదేం లేదు. మంచిగనిపిస్తున్నది, ఆడుతున్న."

నాకూ రెండు ముక్కలు వేసింది. అయిదింటిదాకా ఆడాను. రెండుసార్లు గెలిచాను, మిగతావన్నీ ఓడాను. ఆయనకు మాత్రం మంచి ముక్కలు వచ్చిన ప్రతిసారీ గొంతు సవరించుకునే అలవాటు ఉంది. చాప మీద ఉన్న అందరికీ అది తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.